పసికందు గుండె ఆపరేషన్‌లో మెదడును, కిడ్నీలను కాపాడుకోవడం

సభకు నమస్కారం. పిల్లల వైద్యులు, నర్సులు, గుండె-ఊపిరితిత్తుల యంత్రాన్ని నడిపే పర్‌ఫ్యూజనిస్టులు, గుండె ఆపరేషన్ జరిగిన పిల్లల తల్లిదండ్రులు ఈ రోజు ఒకే సభలో కూర్చున్నారు కనుక, అందరికీ అర్థమయ్యే మాటల్లోనే, అయితే విషయాన్ని పలచన చేయకుండా మాట్లాడతాను. నేను మత్తు వైద్యుణ్ణి. ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ సర్జన్ బిడ్డ ఛాతీ దగ్గర ఉంటే నేను తల దగ్గర ఉంటాను. అందుకే గుండె గురించి కాకుండా, గుండెను సరిచేస్తున్న ఆ కొన్ని గంటల్లో మిగిలిన ఒంటికి ఏమవుతుందన్న దాని గురించి చెప్పమని నిర్వాహకులు అడిగారు.

మూడు కిలోల పసికందు ఒంట్లో ఉండే రక్తం మొత్తం కలిపి సుమారు 250 మిల్లీలీటర్లు. గుండెను ఆపి, తెరిచి, లోపల కుట్లు వేయాలంటే ఆ రక్తాన్ని గుండె-ఊపిరితిత్తుల యంత్రంలోకి మళ్లించాలి. యంత్రంలో గాలి బుడగ ఉండకూడదు కాబట్టి దాని గొట్టాలను, రక్తానికి ఆక్సిజన్ అందించే ఆక్సిజనేటర్‌ను ముందుగానే ద్రవంతో నింపి ఉంచాలి. ఎంత చిన్న యంత్రం వాడినా చాలా కేంద్రాల్లో ఆ ద్రవం 200 మిల్లీలీటర్లకు పైనే ఉంటుంది. పెద్దవాళ్ల విషయంలో ఇది పెద్ద లెక్కలోకి రాదు. పసికందు విషయంలో మాత్రం, యంత్రం మొదలైన నిమిషంలోనే ఒంట్లో ప్రవహించే దానిలో దాదాపు సగం బయటి నుంచి వచ్చినదే అవుతుంది. రక్తం గడ్డకట్టడానికి కావలసిన పదార్థాలు, మాంసకృత్తులు, కాల్షియం, ఎర్ర కణాలు, అన్నీ ఒక్కసారిగా పలచబడతాయి. దాతల రక్తం కలిపితే ఎర్ర కణాలు నిలబడతాయి కానీ, నిల్వ రక్తంతో పాటు పొటాషియం, గడ్డకట్టకుండా కలిపే సిట్రేట్ కూడా వస్తాయి. సిట్రేట్ కాల్షియాన్ని పట్టేస్తుంది, కాల్షియం లేకపోతే పసి గుండె కొట్టుకోలేదు. దీనికి తోడు, ప్లాస్టిక్ గొట్టాలను తాకిన రక్తం ఒళ్లంతా వాపు పుట్టించే రసాయనాలను విడుదల చేస్తుంది.

ఇదంతా భరించవలసి వచ్చేది జబ్బు లేని అవయవాలు. ఈ ఇరవై, ముప్పై ఏళ్ల పరిశోధన నుంచి నేను గ్రహించినది ఇది: మెదడును, కిడ్నీలను, పేగులను కాపాడే మందు కోసం ప్రపంచమంతా వెతికింది, ఇంకా వెతుకుతోంది, కానీ ఇప్పటి వరకు పిల్లలను నిజంగా కాపాడినవి ఉష్ణోగ్రత, రక్త ప్రవాహం, రక్తం చిక్కదనం, గడియారం అనే నాలుగింటి మీద బృందం మొత్తం చూపిన శ్రద్ధే.

చలితోనే మొదలుపెడదాం, ఎందుకంటే గుండె ఆపరేషన్ చరిత్ర కూడా చలితోనే మొదలైంది. టొరంటోలో విల్‌ఫ్రెడ్ బిగెలో, శరీరాన్ని చల్లబరిస్తే కణాలకు ఆక్సిజన్ అవసరం తగ్గుతుందని జంతువులపై ప్రయోగాలు చేసి చూపించారు. ఆ ఆలోచనను పట్టుకుని 1952 సెప్టెంబర్ 2న మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఎఫ్. జాన్ లూయిస్ ఒక ఐదేళ్ల పాపను 28 డిగ్రీల దాకా చల్లబరిచి, గుండెలోకి వచ్చే రక్తాన్ని ఐదున్నర నిమిషాలు ఆపి, పై గదుల మధ్య గోడకు ఉన్న రంధ్రాన్ని మూశారు. మరుసటి ఏడాది మే నెలలో ఫిలడెల్ఫియాలో జాన్ గిబ్బన్ తన యంత్రంతో పద్దెనిమిదేళ్ల అమ్మాయికి విజయవంతంగా ఆపరేషన్ చేశారు. అయితే ఆ తొలి యంత్రాలు చిన్న పిల్లలకు సరిపడలేదు. 1954లో అదే మిన్నెసోటాలో వాల్టన్ లిల్లెహై తల్లినో తండ్రినో బిడ్డ పక్కన పడుకోబెట్టి, వాళ్ల గుండె, ఊపిరితిత్తుల చేతనే బిడ్డ రక్తాన్ని శుద్ధి చేయించారు. అలా 45 మందికి ఆపరేషన్ చేస్తే 28 మంది బతికి ఇంటికి వెళ్లారు. ఆ రోజుల్లో వేరే దారి లేని పిల్లలు వాళ్లు. కన్నవాళ్ల ఊపిరినే అరువు తెచ్చి బిడ్డ మెదడును కాపాడిన ఆ సాహసాన్ని తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు గగుర్పొడుస్తుంది. 1970 ప్రాంతంలో న్యూజిలాండ్‌లోని ఆక్లండ్‌లో బ్రయాన్ బారట్-బోయ్స్, ఒంటిని బాగా చల్లబరిచి రక్తప్రసరణను పూర్తిగా ఆపివేసే పద్ధతిని చంటిబిడ్డల్లో స్థిరపరిచారు. జపాన్ వైద్యులు అంతకు ముందు నుంచే ఆ దారిలో పనిచేస్తున్నారు. ఏడాది నిండని బిడ్డకు గుండె తెరిచి చేసే ఆపరేషన్ నమ్మదగినదని లోకానికి తెలిసింది ఆ తరువాతే.

ఆ పద్ధతి థియేటర్‌లో ఎలా ఉంటుందో దగ్గరగా చూపిస్తాను. బిడ్డ తల చుట్టూ మంచు సంచులు పేరుస్తాం. ముక్కు లోపల ఒకటి, మల ద్వారంలో ఒకటి, ఉష్ణోగ్రత కొలిచే సన్నని తీగలు ఉంటాయి. యంత్రం రక్తాన్ని చల్లబరుస్తూ ఉంటే ఆ రెండు అంకెలూ కలిసి దిగాలి. ఒకటి ముందు దిగి, రెండోది వెనకబడితే ఒళ్లు సమంగా చల్లబడలేదని అర్థం. కనీసం ఇరవై నిమిషాలైనా నిదానంగా చల్లబరచాలన్న నియమం అందుకే ఉంది. 18 డిగ్రీలకు చేరాక పర్‌ఫ్యూజనిస్టు పంపు ఆపుతారు, బిడ్డ రక్తం గొట్టం గుండా యంత్రంలోకి దిగిపోతుంది, మానిటర్ మీద గీతలన్నీ చదునవుతాయి. అక్కడి నుంచి థియేటర్‌లో గడియారానిదే మాట. ‘పది నిమిషాలు’, ‘ఇరవై నిమిషాలు’ అని పర్‌ఫ్యూజనిస్టు పైకి చెబుతూ ఉంటారు, సర్జన్ తల ఎత్తకుండా వింటూ కుట్లు వేస్తూ ఉంటారు. 18 డిగ్రీల దగ్గర మెదడుకు కావలసిన ఆక్సిజన్ మామూలులో ఐదో వంతుకు పడిపోతుంది. పడిపోతుందే కానీ సున్నా కాదు. ఆ మిగిలిన ఐదో వంతు అవసరమే నిమిషం నిమిషానికి అప్పుగా పేరుకుంటుంది.

ఆ అప్పు ఎంత వరకు తీర్చగలిగినదన్న ప్రశ్నకు జవాబు వెతికిన పరిశోధనల్లో బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో జరిగిన దాన్ని ప్రత్యేకంగా చెప్పుకోవాలి. 1988 నుంచి 1992 మధ్య, గుండె నుంచి బయలుదేరే రెండు పెద్ద రక్తనాళాలు తారుమారుగా పుట్టిన 171 మంది పసికందులకు ధమనులను మార్చి అతికే ఆపరేషన్ చేశారు. లాటరీ పద్ధతిలో కొందరికి రక్తప్రసరణ పూర్తిగా ఆపారు, మిగిలినవారికి తక్కువ వేగంతో కొనసాగించారు. ఆపిన పిల్లల్లో ఆపరేషన్ తరువాత ఫిట్స్ ఎక్కువగా వచ్చాయి. ఏడాది వయసుకు కదలికల అభివృద్ధిలో వాళ్లు వెనకబడ్డారు. నాలుగేళ్లకు తెలివితేటల సగటులో రెండు గుంపులకూ తేడా కనిపించలేదు. ఎనిమిదేళ్లకు చూస్తే, ప్రసరణ ఆపిన గుంపులో చేతి పని, మాట స్పష్టత తగ్గాయి, రెండో గుంపులో తొందరపాటు స్వభావం ఎక్కువగా కనిపించింది. ప్రసరణ ఆగిన సమయాన్ని లెక్కలోకి తీసుకుని విశ్లేషిస్తే, సుమారు 41 నిమిషాల వరకు ప్రభావం పెద్దగా లేదనీ, అది దాటిన కొద్దీ నష్టం పెరుగుతోందనీ తేలింది. ఆ అంకెను హద్దుగా పట్టుకుని, నలభై నిమిషాల దాకా ఏమీ కాదని ధీమాగా ఉండటం సరికాదు. అది ఒక గుంపు పిల్లల సగటు లెక్క, మన ముందు బల్ల మీద ఉన్న బిడ్డకు ఇచ్చిన హామీ కాదు.

ఆ పిల్లలకు పదహారేళ్లు వచ్చాక మళ్లీ పరీక్షించారు. అప్పటికి ఏ గుంపులో ఉన్నారన్నది పెద్ద తేడాగా మిగల్లేదు కానీ, రెండు గుంపుల్లోనూ సగానికి పైగా పిల్లలకు చదువులోనో ప్రవర్తనలోనో ప్రత్యేక సహాయం అవసరమైంది. అంటే ఆపరేషన్ నాటి పద్ధతి ఒక్కటే కారణం కాదన్నమాట. ఎంఆర్ఐ స్కాన్లు ఈ సందేహాన్ని మరింత స్పష్టం చేశాయి: ధమనులు తారుమారైన పిల్లల్లో, గుండె ఎడమ భాగం ఎదగని పిల్లల్లో మెదడు నెలలు నిండి పుట్టినా దాదాపు ఒక నెల వెనకబడి ఉంటుంది, ఎందుకంటే తల్లి కడుపులో ఉన్నప్పుడే దానికి ఆక్సిజన్ తక్కువగా అందింది. నెలలు నిండక పుట్టిన బిడ్డ మెదడులో దెబ్బతినే తెల్ల పదార్థమే వీళ్లలోనూ దెబ్బతింటుంది. కాబట్టి మనం బల్ల మీదికి తీసుకుంటున్నది ఇంకా పక్వానికి రాని మెదడును. తల్లిదండ్రులు ఈ సంగతి తెలుసుకోవాలని నేను కోరుకుంటాను. బిడ్డ నడక ఆలస్యమైతే అది వాళ్ల తప్పూ కాదు, ప్రతిసారీ థియేటర్‌లో జరిగిన పొరపాటూ కాదు.

బోస్టన్ బృందం అక్కడితో ఆగలేదు, రక్తం విషయంలోనూ రెండు పాత నమ్మకాలను పరీక్షకు పెట్టింది. చలికి నెయ్యి పేరుకున్నట్టే చల్లబడిన రక్తమూ చిక్కబడుతుంది కనుక, చల్లబరిచేటప్పుడు దాన్ని బాగా పలచన చేయాలని అప్పట్లో అందరూ అనుకునేవారు. 2003లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, హీమాటోక్రిట్‌ను, అంటే రక్తంలో ఎర్ర కణాల వాటాను, సుమారు 21 శాతానికి దించిన పిల్లలకన్నా 28 శాతం దగ్గర ఉంచిన పిల్లలు ఏడాది వయసులో కదలికల పరీక్షలో మెరుగ్గా ఉన్నారు. తరువాత 25, 35 శాతాలను పోల్చినప్పుడు మొత్తం మీద తేడా కనిపించలేదు. రెండూ కలిపి చూస్తే, 24 శాతం కన్నా కిందికి పోనివ్వకూడదన్న హద్దు దొరికింది.

రెండోది కార్బన్ డయాక్సైడ్ సంగతి. చల్లటి రక్తంలో అది ఎక్కువగా కరిగిపోయి దాని పీడనం పడిపోతుంది, దాంతో మెదడు రక్తనాళాలు ముడుచుకుంటాయి. యంత్రంలోకి కొద్దిగా కార్బన్ డయాక్సైడ్ కలిపితే నాళాలు విచ్చుకుని, మెదడు లోపలి దాకా సమంగా చల్లబడుతుంది. పెద్దవాళ్లలో చిన్న గడ్డలు మెదడుకు కొట్టుకుపోతాయన్న భయంతో ఇలా చేయరు; పసిపిల్లల్లో ఆ భయం తక్కువ. 1997 నాటి ఫలితాల్లో ఇలా చేసిన పిల్లలు ఆపరేషన్ తరువాత తేలికగా కోలుకున్నారు, పెద్దయ్యాక చేసిన పరీక్షల్లో మాత్రం నిలకడైన తేడా రాలేదు. చాలా కేంద్రాలు బాగా చల్లబరిచే పసికందుల్లో దీన్ని పాటిస్తున్నాయి, నేనూ పాటిస్తాను.

గుండె నుంచి ఒంటికి రక్తం మోసే బృహద్ధమని వంపునే సరిచేయవలసి వచ్చినప్పుడు, మెడ వైపు వెళ్లే తొలి ధమనికి మూడున్నర మిల్లీమీటర్ల గొట్టం కుట్టి, మిగిలిన ఒంటికి ప్రసరణ ఆపినా మెదడుకు మాత్రం రక్తం పంపే పద్ధతి 2000 నుంచి ప్రాచుర్యంలోకి వచ్చింది. తర్కం చూస్తే ఇదే ఉత్తమమనిపిస్తుంది. మిచిగన్‌లో గుండెలో ఒకే జఠరికతో (రక్తాన్ని తోసే కింది గదితో) పుట్టిన పిల్లల్లో పోల్చి చూసినప్పుడు మాత్రం, ఏడాది వయసు నాటి అభివృద్ధిలో ఇది పూర్తిగా ఆపే పద్ధతి కన్నా మెరుగని తేలలేదు. అయినా ఆపరేషన్ ఎక్కువ సేపు పట్టేటప్పుడు సర్జన్‌కు ఇది ఊపిరి తీసుకునే వ్యవధి ఇస్తుంది. ఈ పద్ధతిలో నుదుటి మీద అతికించే పరారుణ కాంతి సెన్సర్ నాకు కన్ను వంటిది. చర్మం, ఎముక దాటి కింద ఉన్న రక్తంలో ఆక్సిజన్ ఎంత మిగిలిందో అది నిరంతరం చూపుతుంది. కుడి, ఎడమ అంకెల్లో ఒకటి దిగిందంటే మెడ సిర నుంచి రక్తం తిరిగి రావడం లేదేమో, గొట్టం మెలిక పడిందేమో చూడమని సర్జన్‌కు చెప్పే వీలుంటుంది. అదే సెన్సర్‌ను నడుము పక్కన కిడ్నీ మీద కూడా అతికిస్తాం.

ఆపిన గుండెకు కూడా రక్షణ కావాలి. దాని సంగతి త్వరగా చెబుతాను, ఎందుకంటే ఈ విషయంలో మనం కొంత స్థిమితపడ్డాం. పొటాషియం ఉన్న చల్లటి ద్రావణాన్ని గుండె రక్తనాళాల్లోకి పంపితే అది సడలి ఆగిపోతుంది. పసి గుండె కణాలు కాల్షియాన్ని లోపల నిల్వ చేసుకోలేవు, బయటి నుంచి వచ్చే దాని మీదే ఆధారపడతాయి. తిరిగి రక్తం వచ్చినప్పుడు అదే కాల్షియం ముంచెత్తి కణాన్ని చంపుతుంది. పిట్స్‌బర్గ్‌లో పెడ్రో డెల్ నిడో, ఆయన సహచరులు 1990ల తొలినాళ్లలో తయారుచేసిన ద్రావణంలో లిడోకైన్, మెగ్నీషియం, మానిటాల్ కూడా ఉంటాయి. ఒక పాలు రక్తానికి నాలుగు పాళ్లు ద్రావణం కలిపి, కిలో బరువుకు 20 మిల్లీలీటర్లు ఒక్కసారి ఇస్తే సుమారు గంటన్నర వరకు మళ్లీ ఇవ్వనక్కర లేదు. సర్జన్ చేయి ఆగదు, ఆపరేషన్ సమయం తగ్గుతుంది. ఆ సమయం తగ్గడం మెదడుకూ, కిడ్నీకీ మేలే.

కిడ్నీల గురించి మాత్రం నిలిచి మాట్లాడాలి, ఎందుకంటే మన ఐసీయూల్లో ఎక్కువ మంది పసికందులు ఇబ్బంది పడేది అక్కడే. యంత్రం మీద గుండె ఆపరేషన్ జరిగిన నవజాత శిశువుల్లో దాదాపు సగం మందికి ఏదో ఒక స్థాయిలో కిడ్నీ దెబ్బతింటుంది. గర్భంలో ముప్పై ఆరో వారం తరువాత కొత్త వడపోత గొట్టాలు పుట్టవు, పోయినవి తిరిగి రావు. కిడ్నీ దెబ్బతిందని కనిపెట్టడం కూడా కష్టమే. పుట్టిన మొదటి రోజుల్లో బిడ్డ రక్తంలో కనిపించే క్రియాటినిన్ (కిడ్నీ పనితీరును తెలిపే వ్యర్థ పదార్థం) తల్లిది. ఆపరేషన్ తరువాత అది పెరిగేసరికి ఒకటి, రెండు రోజులు గడిచిపోతాయి. అందుకే నేను రిపోర్టు కన్నా ముందు మూత్రం కొలత గొట్టాన్ని చూస్తాను. కిలోకు గంటకు ఒక మిల్లీలీటర్ చొప్పున, మూడు కిలోల బిడ్డకు గంటకు మూడు మిల్లీలీటర్లు రావాలి. గొట్టంలో ఒక గీతకూ ఇంకో గీతకూ మధ్య ఉన్న ఆ కాస్త తేడాను రాత్రి రెండు గంటలకు టార్చి వేసి చూసి రాసే నర్సు చేతిలోనే ఆ కిడ్నీ ఉంది. ఈ మాట నేను పొగడ్తకు చెప్పడం లేదు.

కాపాడే మార్గాలు సాదావే. యంత్రం మీద ఉన్నప్పుడు పసికందుకు కిలోకు నిమిషానికి 150 నుంచి 200 మిల్లీలీటర్ల ప్రవాహం ఉంచడం, ఆపరేషన్‌కు ముందు రోజుల్లో జెంటమైసిన్ వంటి యాంటీబయాటిక్ మందులను, స్కాన్ల కోసం ఇచ్చే కాంట్రాస్ట్ డైని అవసరం మేరకే వాడటం, యంత్రం దిగేటప్పుడు బిడ్డ ఒంట్లో చేరిన నీటిని వడపోసి తీసేయడం. ఈ చివరిదాన్ని లండన్‌లోని గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ వైద్యులు 1991లో ప్రచురించారు. పది, పదిహేను నిమిషాల ఈ పనితో రక్తం చిక్కబడి, రక్తపోటు పెరగడం కళ్ల ముందే కనిపిస్తుంది. మూత్రం తగ్గిపోయే ప్రమాదం ఉన్న బిడ్డకు ఆపరేషన్ చివర్లోనే పొట్టలో సన్నని గొట్టం వేసి ఉంచితే, రాత్రి అవసరమైనప్పుడు డయాలసిస్ మొదలుపెట్టవచ్చు. బిడ్డ ఉబ్బిపోయేదాకా ఆగకుండా ముందే మొదలుపెట్టడం మేలని నా అభిప్రాయం.

ఊపిరితిత్తులు యంత్రం మీద ఉన్నంతసేపూ దాదాపు ఖాళీగా ఉంటాయి కనుక తరువాత బరువెక్కుతాయి. నీరు తీసేయడం వాటికీ ఉపయోగమే. పేగులకు తల్లిపాలను మించిన రక్షణ లేదు. ప్రసవమై వారం కాని తల్లి వేరే ఊళ్లో ఉంటే పాలు పిండి పంపే ఏర్పాటు చేయడం ఆసుపత్రి బాధ్యత.

ఇక మందుల సంగతి. స్టెరాయిడ్ ఇస్తే వాపు తగ్గి అవయవాలు నిలబడతాయని దశాబ్దాలుగా అందరం ఇచ్చాం. అమెరికాలో సుమారు 1,200 మంది చంటిబిడ్డల మీద జరిగి 2022లో వెలువడిన పరిశోధనలో మిథైల్ ప్రెడ్నిసొలోన్ వల్ల ఫలితం స్పష్టంగా మెరుగుపడలేదు, రక్తంలో చక్కెర మాత్రం పెరిగింది. అదే ఏడాది ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, నెదర్లాండ్స్ కేంద్రాలు కలిసి యంత్రంలోకి నైట్రిక్ ఆక్సైడ్ కలిపి 1,371 మంది పిల్లల్లో పరీక్షిస్తే వెంటిలేటర్ లేకుండా గడిపిన రోజుల్లో తేడా రాలేదు. నిరాశపడవలసిన పని లేదు. ఇంత పెద్ద సంఖ్యలో చిన్న పిల్లల మీద నిజాయితీగా పరీక్షించి, పని చేయలేదని చెప్పగలిగిన స్థితికి మన రంగం వచ్చింది. మందుల్లో మిల్రినోన్‌ది వేరే దారి. ఆపరేషన్ తరువాత గుండె బలహీనపడే తొలి గంటల్లో అది గుండె ప్రవాహాన్ని నిలబెడుతుందని 2003లో వచ్చిన పరిశోధన చూపింది. గమనించండి, అది కాపాడేది కూడా ప్రవాహాన్నే.

మన ప్రాంతంలో ఈ రక్షణ థియేటర్‌లో మొదలుపెడితే ఆలస్యమైపోతుంది. మన దేశంలో ఏటా రెండు లక్షలకు పైగా పిల్లలు గుండె లోపాలతో పుడతారని అంచనా. వాళ్లలో దాదాపు ఐదో వంతు మందికి మొదటి ఏడాదిలోనే చికిత్స కావాలి. 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ తరువాత డబ్బు లేక ఆపరేషన్ ఆగిపోయే పరిస్థితి తెలుగు నేల మీద చాలా తగ్గింది, అందుకు మనం గర్వపడాలి. కానీ జిల్లా నుంచి బిడ్డ వచ్చేసరికి ఒళ్లు చల్లబడి, చక్కెర పడిపోయి, రక్తంలో ఆమ్లం పెరిగి ఉంటే, మెదడు, కిడ్నీ అప్పటికే ఒక దెబ్బ తిన్నట్టు. పుట్టిన మరుసటి రోజు కుడి చేతికి, ఒక కాలికి రక్తంలో ఆక్సిజన్ శాతాన్ని చూపే పల్స్ ఆక్సీమీటర్ పెట్టి చూస్తే నీలం కంటికి కనిపించకముందే చాలా లోపాలు బయటపడతాయి. అనుమానం ఉన్న బిడ్డకు, గర్భంలో తెరిచి ఉండే రక్తనాళం మూసుకుపోకుండా చూసే ప్రోస్టాగ్లాండిన్ డ్రిప్ మొదలుపెట్టి, వెచ్చగా ఉంచి, గ్లూకోజ్ చూసుకుంటూ అంబులెన్స్ ఎక్కించిన పిల్లల వైద్యుడు ఆ బిడ్డ మెదడుకు చేసిన మేలు, నేను థియేటర్‌లో చేయగలిగిన దానికన్నా పెద్దది కావచ్చు.

ఆపరేషన్ తరువాత మొదటి రెండు రోజుల్లో జ్వరం రానివ్వకూడదు. వేడి పెరిగిన కొద్దీ మెదడు ఆక్సిజన్ ఎక్కువ అడుగుతుంది, అప్పుడే గుండె ఇవ్వలేని స్థితిలో ఉంటుంది. మత్తులో ఉన్న పసికందుకు ఫిట్స్ వస్తే ఒళ్లు కదలకపోవచ్చు, మెదడు విద్యుత్ తరంగాలను చూపే ఈఈజీ పెడితేనే తెలుస్తుంది. ఆ యంత్రం ఉన్న చోట వాడండి.

నాది ఒక్కటే విన్నపం. డిశ్చార్జ్ కాగితంలో ఆపరేషన్ పేరుతో పాటు యంత్రం మీద ఎన్ని నిమిషాలు, ప్రసరణ ఎన్ని నిమిషాలు ఆగింది, ఎంత వరకు చల్లబరిచారు, ఫిట్స్ వచ్చాయా, డయాలసిస్ చేశారా అన్న ఐదు సంగతులు రాద్దాం. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా స్థాయిలో బాల్య సత్వర చికిత్సా కేంద్రాలు ఉన్నాయి. బిడ్డను ఆరు నెలలకు, ఏడాదికి, బడిలో చేర్చే ముందు అక్కడ చూపించినప్పుడు ఆ కాగితం చేతిలో ఉంటే, మెడ నిలపడం ఆలస్యమైందో, మాట ఆలస్యమైందో చూసే వాళ్లకు ఎక్కడ వెతకాలో తెలుస్తుంది. ఫిజియోథెరపీ, మాట శిక్షణ నెలలు ముందుగా మొదలవుతాయి. కిడ్నీ దెబ్బతిన్న పిల్లలకు ఏటా రక్తపోటు చూసి, మూత్ర పరీక్ష చేయించాలి. తల్లిదండ్రులు ఈ వివరాలను అడిగి రాయించుకోవడానికి మొహమాటపడవద్దు, అది మీ హక్కు. ముందుగా వాళ్ల ప్రశ్నలే తీసుకుందాం.